పాత మోటారు పడవ వెనక పలక చివికిపోకుండా చూసుకోవడం ఎలా?

ఇంజనుకు ఏటా ప్లగ్గు మారుస్తాం, గేర్ ఆయిల్ మారుస్తాం, కార్బరేటర్ కడిగిస్తాం. ఆ ఇంజను ఏ పలకకు వేలాడుతోందో దాన్ని మాత్రం తట్టి కూడా చూడం. సాగర్ బ్యాక్‌వాటర్‌లో నేరేడుగొమ్ము, చందంపేట వైపు గానీ, అటు కొల్లాపూర్ దగ్గర సోమశిల, మంచాలకట్ట ఒడ్డున గానీ మీకు పదేళ్లు దాటిన ఫైబర్ పడవ ఉంటే ఇది మీ కోసమే.

ఇంజను తగిలించే ఆ నిలువు పలకను మెకానిక్కులు ట్రాన్సమ్ అంటారు. జాలర్ల మాటలో పడవ ముందు కొస అణియం, వెనక కొస అమరం. ఈ పలక ఉండేది అమరంలో. నేను వెనక పలక అనే రాస్తాను.

పైకి అదంతా ఫైబరే అనిపిస్తుంది కానీ కాదు. చాలా పడవల్లో లోపల ప్లైవుడ్ ఉంటుంది. సాధారణంగా 18 మిల్లీమీటర్ల షీట్లు రెండు కలిపి అంటించి, దానికి రెండు వైపులా ఫైబర్ పొర వేస్తారు. బలమంతా ఆ చెక్కా, ఆ పొరలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడంలోనే ఉంది. లోపల చెక్క మెత్తబడితే మిగిలేది చొక్కా లాంటి ఫైబర్ పొర ఒక్కటే. దానికి 9.9 హార్స్‌పవర్ ఇంజను వేలాడినా 40 కిలోల దాకా బరువు. బరువు ఒక్కటే అయితే ఫర్వాలేదు. కింద ప్రొపెల్లర్ నీళ్లను వెనక్కి నెడుతుంటే ఇంజను కాలు గునపంలా పనిచేస్తుంది. ఇంజనును పలకకు పట్టి ఉంచే బ్రాకెట్ కింది అంచు పలకను ముందుకు నొక్కుతుంది, పై బోల్టులు పలకను వెనక్కి లాగుతాయి. మీరు థ్రాటిల్ తిప్పిన ప్రతిసారీ జరిగేది ఇదే. ఎండాకాలంలో సాగర్ మట్టం 590 అడుగుల నిండు మట్టం నుంచి పదుల అడుగులు దిగిపోయినప్పుడు నీళ్లలో దాగిన మొద్దుకో బండకో ఇంజను కాలు తగిలితే, ఆ దెబ్బ కూడా నేరుగా ఈ పలకకే.

"మనది కృష్ణ నీళ్లు, ఉప్పు లేదు, ఏం కాదు" అనేవాళ్లు చాలామంది. ఇనుము విషయంలో ఆ మాట కొంత నిజమే. చెక్క విషయంలో వ్యవహారం తిరగబడుతుంది. చెక్కను తినే బూజుకు ఉప్పు పడదు, మంచినీళ్లు హాయిగా పడతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి, కాస్త గాలీ వెచ్చదనమూ దొరికితే అది పని మొదలుపెడుతుంది. వెచ్చదనానికి మన దగ్గర కరువా! అందులోనూ పడవ ఒడ్డున ఉన్నప్పుడు లోపల నిలిచిన వాన నీళ్లు చేసే నష్టం, చెరువులో తిరిగేటప్పుడు బయటి నుంచి తగిలే నీళ్లు చేసేదానికన్నా ఎక్కువ. ఆ నీళ్లు చెక్కలోకి దూరేది మనం వేసిన రంధ్రాల్లోంచే.

నాకిది సొంత ఖర్చుతో తెలిసింది. సాగర్ ఒడ్డునే ఉన్న వైజాగ్ కాలనీ దగ్గర 14 అడుగుల పాత పడవ కొన్నాను. చేపల జాడ చూపించే యంత్రం సెన్సర్ కోసం అంతకుముందు ఎవరో వెనక పలకకు కింద రెండు స్క్రూలు కొట్టి, తర్వాత సెన్సర్ తీసేసి స్క్రూలు అలాగే వదిలేశారు. ఒకటి తిప్పితే చేత్తోనే వచ్చేసింది, వెనకాలే డికాషన్ రంగు నీళ్లు కారాయి. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చి, కత్తి పిడితో పలకను నాలుగు చోట్ల కొట్టాడు. "కొబ్బరికాయ కొనేటప్పుడు కొట్టి చూస్తావు కదా బాబూ, పడవ కొనేటప్పుడు కొట్టలేదా?" అన్నాడు. కొట్టలేదు.

ఇంజను ఉండగానే ఊపి చూడండి

ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు తగ్గి పడవ ఒడ్డెక్కినప్పుడు ఈ పని పెట్టుకోండి. పైనుంచి వరద వచ్చే లోపు ముగించాలి. ఇంజను ఇంకా విప్పొద్దు. దాన్ని పైకి ఎత్తి, లాక్ వేసి, ఒకరు ప్రొపెల్లర్ దగ్గర కాలును పట్టుకుని నెమ్మదిగా కిందికి నొక్కి వదులుతూ ఉండాలి. వేలాడాల్సిన పని లేదు, చేతి బలం చాలు. ఇంకొకరు పలక పై అంచు మీద వేలు పెట్టి చూడాలి. పడవంతా కలిసి ఊగితే మంచిదే. పడవ కదలకుండా పలక ఒక్కటే ముందుకూ వెనక్కూ ఆడితే, లేదా పలకా పక్క గోడలూ కలిసే మూలలో సన్నటి గీత తెరుచుకుని మూసుకుంటుంటే, లోపల తేడా ఉన్నట్టు.

అప్పుడే బోల్టుల చుట్టూ కూడా చూడండి. వాషరు ఫైబర్‌లోకి దిగబడిపోయి ఉంటే కింది చెక్క మెత్తబడిందని అర్థం. వాషరు కింద నుంచి గోధుమ రంగు చార దిగి ఉంటే అది నీళ్ల దారి. ఇంజను కూర్చునే కోత రెండు మూలల్లో సాలెగూడు లాంటి పగుళ్లు వస్తుంటాయి. పైపొరలో వెంట్రుకంత గీతలైతే వయసు వల్ల వచ్చినవే కావచ్చు. గోరు దిగేంత పగులైతే వదలొద్దు.

ఇంజను దించి, తట్టండి

దించడానికి ఇద్దరు ఉండాలి, నడుము మీద ఆశ ఉంటే ముగ్గురు. పెట్రోలు పైపు తీసేసి, నిలబెట్టే స్టాండు ముందే సిద్ధం చేసుకోండి. ఫోర్ స్ట్రోక్ ఇంజనును ఎటు పడితే అటు పడుకోబెడితే ఆయిల్ సిలిండర్‌లోకి పోతుంది. ఏ వైపు పడుకోబెట్టాలో దాని పుస్తకంలో ఉంటుంది, చూసుకోండి.

పలకను సబ్బు నీళ్లతో కడిగి ఆరనివ్వండి. తర్వాత చిన్న ప్లాస్టిక్ సుత్తితోనో, స్క్రూడ్రైవర్ పిడితోనో రెండంగుళాలకు ఒక దెబ్బ చొప్పున లోపలా బయటా తట్టుకుంటూ పోండి. గట్టి చెక్క మీద టక్కుమని బదులొస్తుంది, పిడి చేతిలో ఎగురుతుంది. చివికిన చోట దబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది, పిడి ఎగరదు. తేడా ఉన్న చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ పోతే చివరికి పలక మీద ఒక పటం తయారవుతుంది. సాధారణంగా ఆ మచ్చలు మూడు చోట్ల కనిపిస్తాయి: ఇంజను బోల్టుల చుట్టూ, నీళ్లు వదిలే బిరడా రంధ్రం చుట్టూ, ఎవరో ఎప్పుడో కొట్టిన స్క్రూల కింద. నీరు కిందికే కదా దిగేది, అందుకే మచ్చ ఎప్పుడూ రంధ్రం కన్నా కిందికి సాగి ఉంటుంది.

అనుమానం తీరకపోతే పడవ లోపలి వైపు నుంచి 3 మిల్లీమీటర్ల బిట్టుతో చిన్న రంధ్రం వేయండి. బయటి పొర దాకా పోకూడదు కాబట్టి బిట్టుకు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి. వచ్చే పొట్టును అరచేతిలో పట్టి చూడండి. లేత రంగులో పొడిగా రాలితే చెక్క బాగుంది. నల్లగా, ముద్దగా, పుల్లటి వాసనతో వస్తే చివికింది. మచ్చ మధ్యలో ఒకటి, అంచున ఒకటి, బాగుందనుకున్న చోట ఒకటి, మొత్తం మూడు రంధ్రాలు చాలు. మొహమాటపడి ఒక్కదానితో ఆపొద్దు, ఉత్సాహం కొద్దీ జల్లెడా చేయొద్దు. చివర్లో వీటిని ఎపాక్సీతో (రెండు డబ్బాలది కలిపితే గట్టిపడే రెజిన్ జిగురు) పూడ్చాలి.

ఇక్కడ మీరొక నిర్ణయం తీసుకోవాలి. చెక్క పొడిగా ఉండి రంధ్రాలు మాత్రమే కారుతుంటే ఈ కింద రాసింది చేయండి. తడిసింది కానీ ఇంకా గట్టిగానే ఉంటే ముందు ఆరబెట్టి తర్వాత చేయండి. అరచేతికి మించిన మేర మెత్తబడినా, ఇంజనును ఊపినప్పుడు పలక ఆడినా, ఇక ఇది కాపాడుకునే దశ దాటిపోయింది. లోపలి పొర కోసి, చెక్క మొత్తం తీసి కొత్తది వేయించాలి. చిన్న రంధ్రాలు వేసి లోపలికి రెజిన్ పోస్తే గట్టిపడుతుందని చెప్పేవాళ్లు దొరుకుతారు. చివికిన తడి చెక్కలోకి రెజిన్ సరిగా ఇంకదు. ఇంకిన నాలుగు చోట్లా గట్టిపడి మధ్యలో మెత్తగానే ఉండిపోతుంది. చెక్క మార్పించేటప్పుడు షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసుకోండి, మెరైన్ ప్లైవుడ్‌కు మన దేశపు ప్రమాణం అదే. ఐఎస్ 303 ఇంటి అలమరాలకు వాడేది.

ఆరబెట్టడం

ఈ విషయంలో నల్లగొండ ఎండ మనకు దేవుడిచ్చిన వరం. స్క్రూలు, బోల్టులు, బిరడా గొట్టం, పై అంచు మీది అల్యూమినియం పట్టీ అన్నీ విప్పేయండి. అణియం కింద రాళ్లో దుంగో పెట్టి ముందు వైపు ఎత్తండి. పగలు ఎండకు వదిలి, రాత్రి టార్పాలిన్ కప్పండి. అకాల వానలు పడేది కూడా ఈ నెలల్లోనే కదా. కొద్దిగా తడిసిన చెక్కకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. బాగా నానినదైతే నెల దాటినా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే నీరు ఆ చిన్న రంధ్రాల్లోంచే తిరిగి బయటికి రావాలి. తొందరపడి తడి మీద మూత వేశారో, బూజుకు మీరే గది కట్టి ఇచ్చినట్టు. చివర్లో మళ్లీ 3 మిల్లీమీటర్ల బిట్టుతో పొట్టు తీసి చూడండి. అది వేళ్ల మధ్య పొడిలా రాలాలి.

బోల్టు రంధ్రాలకు లోపలి గోడ కట్టడం

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. పడవ తయారుచేసినవాళ్లు కూడా చాలాసార్లు దీన్ని చేయరు. పలకలో రంధ్రం వేసి, బోల్టు దూర్చి, చుట్టూ నీరు చొరకుండా ఆపే సీలెంట్ కాస్త రాసి వదిలేస్తారు. సీలెంట్ ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది, వదిలిన రోజున నీరు నేరుగా చెక్కకు తగులుతుంది. రంధ్రం లోపల చెక్కే లేకుండా చేస్తే ఆ బాధ ఉండదు.

12 మిల్లీమీటర్ల బోల్టు అనుకుందాం. పాత రంధ్రాన్ని 18 నుంచి 20 మిల్లీమీటర్లకు పెద్దది చేయండి. పలచటి ఎపాక్సీని సన్న బ్రష్షుతో లోపలి చెక్కకు రెండు మూడు సార్లు పట్టించండి. ప్లైవుడ్ పొరల కొసలు దాన్ని ఆత్రంగా తాగేస్తాయి, తాగినంతా తాగనివ్వండి. అది జిగటగా ఉండగానే బయటి వైపు టేపు అంటించి, లోపలి నుంచి చిక్కటి ఎపాక్సీ నింపండి. చిక్కబరచడానికి సిలికా పొడి కలుపుతారు. అది దొరక్కపోతే సన్నగా జల్లించిన పొడి చెక్కపొట్టు కలిపినా పనికొస్తుంది. గోడలకు పెట్టే లప్పం, కారు సొట్టలకు పెట్టే పుట్టీ వద్దు. అవి నీళ్లు పీలుస్తాయి, బోల్టు బిగువుకు చిట్లుతాయి. పూర్తిగా గట్టిపడ్డాక, అంటే మర్నాడు, నడిమధ్యలో 12 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎపాక్సీ గోడ ఉంది. బోల్టు దగ్గర నీరు కారినా చెక్క దాకా చేరదు.

పెద్దది చేసే ముందు మధ్య బిందువు తప్పిపోకుండా ఒక పలచటి చెక్కముక్క మీద పాత రంధ్రాల అచ్చు తీసుకోండి. నేను మొదటిసారి అచ్చు తీయలేదు. కొత్త రంధ్రాల్లో ఒకటి మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయి బ్రాకెట్ కూర్చోలేదు, మళ్లీ పూడ్చి మళ్లీ తవ్వాను.

ఇక అవసరం లేని స్క్రూ రంధ్రాలన్నిటినీ శాశ్వతంగా పూడ్చేయండి. కొత్తగా ఏదైనా తగిలించాలని మనసు పడితే, ముందు ఒక చిన్న ప్లాస్టిక్ పలకను వెనక పలకకు జిగురుతో అంటించి, స్క్రూలు దానికి కొట్టండి.

రెజిన్ కలిపేటప్పుడు

ఎపాక్సీ హార్డ్‌నర్ కొలత డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతే. తొందరగా ఆరాలని ఎక్కువ పోస్తే ఎప్పటికీ సరిగా ఆరదు. మామూలు ఫైబర్ రెజిన్ సంగతి వేరు. దానికి హార్డ్‌నర్ కిలోకు 10 నుంచి 20 గ్రాముల మధ్య ఉంటుంది, ఎండ రోజుల్లో తక్కువ వైపే ఉండండి. ఈ ఫైబర్ రెజిన్‌తో పాటు దుకాణంలో రెండు సీసాలు ఇస్తారు: ఊదారంగు యాక్సిలరేటర్ ఒకటి, నీళ్లలా ఉండే హార్డ్‌నర్ ఒకటి. ఆ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ కలపొద్దు. భగ్గుమని మండుతుంది, పేలొచ్చు కూడా. యాక్సిలరేటర్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డ్‌నర్ వేయాలి. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కాబట్టి కళ్లద్దాలు, గ్లౌజులు లేకుండా మూత తీయొద్దు. పాత పలక మీద నాకు ఎపాక్సీ మీదే నమ్మకం, పాత ఫైబర్‌నూ చెక్కనూ అది బాగా పట్టుకుంటుంది.

మధ్యాహ్నం 42 డిగ్రీల్లో ఈ పని పెట్టుకోకండి. మబ్బుల లేచి మొదలుపెట్టి తొమ్మిది లోపు ముగించండి. ఎపాక్సీని టీ గ్లాసులో నిండా కలిపితే దాని వేడికి అదే ఉడికి పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా, వెడల్పాటి పళ్లెంలో కలుపుకోండి.

తిరిగి బిగించడం

సీలెంట్ దగ్గర నా తప్పు మీరు చేయకండి. బాత్రూమ్‌లో వాడే సిలికాన్ ట్యూబు ఇంట్లో ఉందని అదే రాశాను. మూడు నెలలకు పాము కుబుసంలా ఊడొచ్చింది. అంతకన్నా పెద్ద బాధ, సిలికాన్ రాసిన చోట దాని జిడ్డు మిగిలిపోయి తర్వాత ఏం రాసినా పట్టలేదు, గీకి గీకి సాండ్‌పేపర్ పట్టాల్సి వచ్చింది. పడవలకు పనికొచ్చే పాలీయురేథేన్ సీలెంట్ అడిగి కొనండి.

బోల్టు తల కిందా, బోల్టు ఒంటికీ సీలెంట్ రాసి బయటి నుంచి దూర్చండి. లోపలి వైపు చిన్న వాషరు సరిపోదు. పెద్ద వాషరో, రెండు బోల్టులకు కలిపి ఒక స్టీలు పట్టీయో వేయండి, బరువు పంచుకుంటుంది. బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువైతే మంచిది. మొదట సీలెంట్ కొద్దిగా బయటికి పొంగే వరకే బిగించి ఒక రోజు ఆగండి. మర్నాడు ఇంకో పావు చుట్టు. అప్పుడు తిప్పాల్సింది నట్టును మాత్రమే, బోల్టు తలను పానతో కదలకుండా పట్టుకోవాలి. బోల్టు తిరిగితే గట్టిపడిన సీలెంట్ తెగి పనంతా వృథా అవుతుంది.

చిన్న ఇంజన్లకు బోల్టులు ఉండవు, చేత్తో తిప్పే రెండు మరలే. అవి ఫైబర్‌ను నలిపి గుంట చేస్తాయి. మర కొసకూ పలకకూ మధ్య అల్యూమినియం రేకో గట్టి రబ్బరు ముక్కో పెట్టండి. నీళ్లలోకి దిగి పది నిమిషాలు నడిపాక మరలు మళ్లీ బిగించండి, తప్పకుండా వదులై ఉంటాయి. ఇంజనుకు ఒక గొలుసు కూడా పడవకు కట్టి ఉంచండి.

బిరడా రంధ్రాన్ని ఎవరూ పట్టించుకోరు. పలకలో అన్నిటికన్నా కింద ఉండేదీ, ఎప్పుడూ తడిలో ఉండేదీ అదే. ఇత్తడి గొట్టం తీసి, లోపలి చెక్కకు ఎపాక్సీ పట్టించి, సీలెంట్‌తో గొట్టం మళ్లీ బిగించండి. గంట పని.

ఏడాది పొడుగునా

ఒడ్డుకు చేరగానే బిరడా తీసి, అణియం ఎత్తి పెట్టండి. బిరడాను తాళంచెవికి కట్టుకుంటే మళ్లీ నీళ్లలోకి దిగేటప్పుడు మర్చిపోరు. అంతటి మతిమరుపు ఎవరికుంటుందని నవ్వకండి, ఒడ్డున అందరికీ ఒక్కసారైనా జరిగిన కథే అది. పడవను ట్రాక్టర్ ట్రాలీ మీద దేవరకొండకో కొండమల్లేపల్లికో తీసుకెళ్తుంటే ఇంజను దించేయండి. ఒక్కో స్పీడ్ బ్రేకర్ దగ్గర అది ఎగిరిపడే దెబ్బ పలకకు నీళ్లలో తగిలే దెబ్బలకన్నా పెద్దది. పడవ మీద రాసి ఉన్న పరిమితికి మించిన హార్స్‌పవర్ ఇంజను, ఎంత చవకగా వచ్చినా, తగిలించొద్దు. పాత టూ స్ట్రోక్ తీసి అదే హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ పెట్టేవాళ్లు కూడా బరువు చూసుకోండి, ఫోర్ స్ట్రోక్ సాధారణంగా బరువెక్కువ.

అంతా బిగించాక ఆయిల్ పెయింట్‌తో ప్రతి నట్టు మీద నుంచి వాషరు మీదుగా పలక దాకా ఒక సన్నటి గీత గీయండి. నెలకోసారి ఆ గీతలు చూస్తే చాలు. గీత విరిగి పక్కకు జరిగితే నట్టు వదులైంది. గీత నిలువుగానే ఉండి వాషరు పలకలోకి దిగుతుంటే మళ్లీ స్క్రూడ్రైవర్ తీసి తట్టి చూడండి.